ఇంటి లెక్క: కరెంటు కారు ధర చీటీలో మన పెట్రోలు బిల్లు

ఈ సంచికలో బంగారం గురించి రాస్తానని పోయినసారి మాట ఇచ్చాను. ఆ మాటను వచ్చే సంచికకు వాయిదా వేస్తున్నాను, మన్నించాలి. కారణం మా చిన్నాన్న కొడుకు.

మావాడిది హోసూరు. తాతల నాటి నుంచి అక్కడే. ఉద్యోగం మాత్రం బెంగళూరు జయనగరంలో. రోజూ కారులో వెళ్లి వస్తాడు. పాత కారు పదకొండేళ్లు నడిచి అలసిపోయింది. కిందటి నెల భార్యతో సహా మా యింటికి వచ్చి, నా ముందు రెండు కాగితాలు పరిచాడు. రెండూ ఒకే షోరూం వాళ్లు ఇచ్చిన ధర చీటీలు. కారు ఆకారం ఒకటే, రంగు ఒకటే, హంగులూ ఇంచుమించు ఒకటే. ఒకటి పెట్రోలుది, రెండోది కరెంటుది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపాక కరెంటుది మూడు లక్షలు ఎక్కువ.

"అన్నా, దీంట్లో ఇంజను లేదు, క్లచ్చి లేదు, సైలెన్సరు లేదు, పెట్రోలు ట్యాంకు లేదు. ఇన్ని లేనప్పుడు ధర తగ్గాలి గదా! మూడు లక్షలు ఎక్కువెందుకు? బ్యాటరీ అంటారు. బ్యాటరీ ఖరీదెంత అంటే షోరూం కుర్రాడు నవ్వి ఊరుకుంటాడు. ఈ మూడు లక్షలు పాప కాలేజీకని దాచినవి. పెట్టమంటావా, వద్దంటావా?"

పక్కనుంచి మా మరదలు, "బావగారూ, ఆయన కారు ఎప్పుడో కొనేశారు, మనసులో. ఇప్పుడు మీ చేత సరే అనిపించుకోవడానికి వచ్చారు" అంది. అందరం నవ్వుకున్నాం. కాని వాళ్లు వెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంతకీ ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు వేస్తారు? ఏ లెక్కన వేస్తారు? మన సభ్యుల ఇళ్లలో చాలామంది ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఇదే గుమ్మం ముందు నిలబడతారు కనుక, ఈసారి శీర్షిక దీనికే కేటాయించాను.

పూల బజారు సూత్రం

మనం సామాన్యంగా ఏమనుకుంటాం? వస్తువు తయారుచేయడానికి ఇంత ఖర్చయింది, దాని మీద ఇంత లాభం వేసుకున్నారు, అదే ధర అని. అప్పడాలు అమ్మే ఆవిడ అలాగే లెక్క వేస్తుంది. మినప్పిండి ఇంత, నూనె ఇంత, కూలి ఇంత, పైన రెండు రూపాయలు.

కాని వరలక్ష్మీ వ్రతం ముందు రోజు పూల బజారుకు వెళ్లి చూడండి. మొన్న ఇరవైకి ఇచ్చిన మూర మల్లెపూలు ఇవాళ అరవై. రైతు ఖర్చేమైనా రెండు రోజుల్లో మూడింతలయిందా? లేదు. ఇవాళ మనం ఎంత పెట్టడానికి సిద్ధంగా ఉన్నామో పూలమ్మికి తెలుసు, అంతే.

కారు కంపెనీ ఈ రెండింటిలో రెండో దారికే దగ్గర. పెట్రోలు కారు విషయంలోనూ కొంత అంతే, కరెంటు కారు విషయంలో మరీను. ముందు "ఈ కొలత కారుకు ఈ దేశంలో మధ్యతరగతి ఇల్లు ఎంత పెడుతుంది?" అని అడుగుతుంది. అదే సైజు పెట్రోలు కారు ధరను ఎదురుగా పెట్టుకుంటుంది. "పెట్రోలు ఖర్చు మిగులుతుంది కనుక ఇంకెంత ఎక్కువ పెడతారు?" అని దాని మీద కొంత కలుపుతుంది. అలా వచ్చిన అంకె దగ్గర నుంచి వెనక్కి నడిచి, ఆ డబ్బులో ఎంత బ్యాటరీ పడుతుందో చూసుకుని కారు తయారు చేస్తుంది.

అంటే ధర చీటీలో కనబడని ఒక పద్దు ఉంది. అది మన పెట్రోలు బిల్లు. మనకు ముందు ముందు మిగలబోయే పెట్రోలు డబ్బులో ఒక వాటాను కంపెనీ ముందుగానే ధరలో కలిపి తీసుకుంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, వ్యాపారం ఉంది. కాని ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి.

ఖర్చు మీద లాభం వేసే పద్ధతే అయితే నష్టానికి అమ్మేవాడు ఉండకూడదు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 2023లో తన విద్యుత్ వాహనాల విభాగం మీద 470 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. ఖర్చంతా ధరలో పెడితే కొనేవాడు రాడు, కొనేవాడు ఇచ్చే ధర పెడితే ఖర్చు రాదు. ఆ రెంటి మధ్య నలిగిన అంకె అది.

కంపెనీలు లోపలి లెక్కలు మనకు చూపవు. బయటకు వచ్చిన ధరలను వరుసగా పేర్చుకుంటే మాత్రం కథ తేటగా కనిపిస్తుంది.

బెంగళూరు నుంచే మొదలు

మన బెంగళూరు పాఠకులకు 2001 నుంచి రోడ్ల మీద తిరిగిన బుల్లి కరెంటు కారు రేవా గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీని 2010లో మహీంద్రా వారు తీసుకున్నారు. 2013లో ఈటూఓ అనే కొత్త బండి తెచ్చారు. అక్కడి ప్రభుత్వ రాయితీ పోగా ఢిల్లీలో దాని ధర 5.96 లక్షలు. జనం చూశారు. ఆ డబ్బుకు నలుగురూ హాయిగా కూర్చుని ఊరికి వెళ్లగల పెట్రోలు కారు వస్తుంది గదా అనుకుని పక్క షోరూంలోకి నడిచారు. కొనేవాడు ఎప్పుడూ కరెంటు కారును పెట్రోలు కారు పక్కనే పెట్టి చూస్తాడన్న పాఠం అప్పుడే తేలిపోయింది.

2020 జనవరిలో టాటా వారి నెక్సాన్ కరెంటు కారు 13.99 లక్షలకు వచ్చింది. అదే నెలలో వచ్చిన కొత్త పెట్రోలు నెక్సాన్ 6.95 లక్షల దగ్గర మొదలయింది. హంగుల్లో తేడా ఉన్నా, మొదటి మెట్టు దగ్గర చూస్తే ఒకటికి రెండింతలు! అయినా అమ్ముడుపోయింది, ఎందుకంటే ఆ సైజులో ఆ ధరకు పోటీ తక్కువ.

2023 జనవరిలో మహీంద్రా వారు ఎక్స్‌యూవీ 400ను 15.99 లక్షలకు తెచ్చారు. అదే వారంలో నెక్సాన్ మొదటి ధర 14.49 లక్షలకు దిగింది. ఆ వారంలో బ్యాటరీ చవకయిందా? లేదు. ఎదురింట్లో దుకాణం తెరిచారు, అంతే.

ఇక చిన్న కారు. 2022 సెప్టెంబరులో టియాగో కరెంటు కారు 8.49 లక్షలకు ప్రకటించారు. మొదటి 10,000 మందికే అన్నారు, తర్వాత 20,000 మందికి పెంచారు. 2023 ఫిబ్రవరిలో ఇరవై వేలు పెరిగింది. 2024 ఫిబ్రవరిలో 7.99 లక్షలకు తగ్గింది. "పరిచయ ధర" అన్న మాట వినగానే పరుగెత్తినవాళ్ల కంటే తాపీగా కూర్చున్నవాళ్లకే తక్కువకు వచ్చింది.

బ్యాటరీ అనే కొళాయి

2024లో ధర తగ్గించినప్పుడు టాటా వారు చెప్పిన కారణం బ్యాటరీ సెల్లుల ధర దిగడం. అది నిజమే. మన కార్లలోని సెల్లులు చాలావరకు విదేశాల నుంచి, ముఖ్యంగా చైనా నుంచి వస్తాయి. వాటికి కావలసిన లిథియం కార్బొనేటు 2022 చివర చైనాలో టన్ను దాదాపు ఆరు లక్షల యువాన్లు పలికింది. 2023 చివరకు లక్ష యువాన్ల దాకా పడిపోయింది. మన షోరూంలో ధర తగ్గింది ఆ తర్వాత. మామిడికాయ చవకయినా, పాత కాయతో పెట్టిన పచ్చడి అయిపోయేదాకా పచ్చడి ధర తగ్గదు.

బ్యాటరీని మన మీటరు యూనిట్లలోనే కొలుస్తారు. ఒక యూనిట్ కరెంటు పట్టే బ్యాటరీకి 2010లో ప్రపంచ సగటు ధర వెయ్యి డాలర్ల పైన ఉండేది. బ్లూంబర్గ్ వారి లెక్క ప్రకారం 2024లో అది 115 డాలర్లు.

కంపెనీ చేతిలో ఉన్న కొళాయి ఇదే. ధర దించాలంటే బ్యాటరీ యూనిట్లు తగ్గిస్తే చాలు. టియాగోలో 19.2 యూనిట్లది ఒకటి, 24 యూనిట్లది ఒకటి ఉండటం అందుకే. పత్రికలో పెద్ద అక్షరాలతో పడే ధర చిన్న బ్యాటరీది. తీరా షోరూంకు వెళ్లాక "సార్, మీరు ఊళ్లు తిరుగుతారు గదా, పెద్ద బ్యాటరీ తీసుకోండి" అంటారు. పట్టుచీరల దుకాణం బయట "వెయ్యి రూపాయల నుంచి" అని రాసిన బోర్డు లాంటిదే ఇది.

ఇంటి గోడకు బిగించే ఛార్జరు సంగతి కూడా అంతే. 2024 నవంబరులో మహీంద్రా వారు బీఈ 6 ధర 18.90 లక్షలని ప్రకటించినప్పుడు అందులో ఛార్జరు లేదు. చిన్నది 50,000, పెద్దది 75,000 అదనం.

గవర్నమెంటు గీసే గీతలు

ధరను తీర్చిదిద్దే ఇంకో చెయ్యి పన్నుది. కరెంటు వాహనాల మీద జీఎస్‌టీ 2019 ఆగస్టు 1న 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అప్పట్లో చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకు 18 శాతం, పెద్ద వాటికి 40 శాతం చేశారు. కరెంటు కారుకు 5 శాతమే ఉంచారు.

దీని ఫలితం చూద్దాం. ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర పెట్రోలు కారు 10 లక్షలు, కరెంటు కారు 12 లక్షలు అనుకోండి. పాత పన్నుతో పెట్రోలుది 12.90 లక్షలు, కరెంటుది 12.60 లక్షలు. కొత్త పన్నుతో పెట్రోలుది 11.80కి దిగింది, కరెంటుది 12.60 దగ్గరే ఉంది. ముప్పై వేలు చవకగా ఉన్నది కాస్తా ఎనభై వేలు ప్రియమైపోయింది! కరెంటు కారులో ఒక్క మర కూడా మారలేదు. మారింది దాని పక్కన పెట్టి చూసే కారు.

పెద్ద కార్ల దగ్గర మాత్రం 40కీ 5కీ మధ్య బోలెడు చోటుంది. బ్యాటరీ ఖర్చు ఆ చోటులో ఇమిడిపోతుంది. 2024, 2025 సంవత్సరాల్లో మన దేశంలో వచ్చిన కొత్త కరెంటు కార్లలో పదహారు, పద్దెనిమిది లక్షల పైవే ఎక్కువ కనబడటానికి ఇదొక కారణం. హ్యుండై క్రెటా కరెంటుది 17.99 లక్షలకు వచ్చింది. వియత్నాం నుంచి వచ్చి తూత్తుకుడిలో బిగిస్తున్న విన్‌ఫాస్ట్ వారి వీఎఫ్ 6 కూడా 2025లో 16.49 లక్షలకు వచ్చింది. సామాన్యుడి చిన్న కారు దగ్గర ఆ చోటు ఇరుకు.

చాలామంది "కేంద్రం సబ్సిడీ ఉంది గదా" అంటారు. 2019 నుంచి 2024 మార్చి దాకా నడిచిన ఫేమ్ రెండో విడతలో స్కూటర్లకు, ట్యాక్సీలకు రాయితీ ఇచ్చారుగాని సొంతానికి వాడుకునే కార్లకు ఇవ్వలేదు. సొంత కారుకు దొరికినవి జీఎస్‌టీ తేడా, రాష్ట్రాల రోడ్డు పన్ను మినహాయింపు. ఈ రెండోది రాష్ట్రానికొక తీరు. తెలంగాణ 2024 నవంబరులో 2026 చివరి దాకా పూర్తి మినహాయింపు ప్రకటించింది. కర్ణాటక 2024లో 25 లక్షలు దాటిన కరెంటు కార్ల మీద 10 శాతం పన్ను పెట్టింది. మీ రాష్ట్రంలో మీరు కొనే రోజున ఏ నిబంధన ఉందో అడిగి మరీ తెలుసుకోండి.

గవర్నమెంటు ఎక్కడ గీత గీస్తే ధర అక్కడికి వచ్చి కూర్చోవడం లోకరీతి. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీకి మామూలు కార్లకు 55,000 డాలర్ల హద్దు పెట్టారు. 2023 జనవరిలో టెస్లా తన మోడల్ 3లో ఖరీదైన రకాన్ని 62,990 నుంచి 53,990 డాలర్లకు దించింది. సరిగ్గా గీత లోపలికి! ఆ రాయితీ 2025 సెప్టెంబరు చివరితో ముగిసింది.

మన దగ్గర ఇంకో లోపలి సంగతి కూడా ఉంది. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నీ కలిపి సగటున ఇంతకు మించి పొగ వదలకూడదన్న నిబంధన ఉంది. ఆ లెక్కలో ఒక కరెంటు కారును మూడుగా చూస్తారు. కాబట్టి కరెంటు కారు మీద లాభం పలచబడినా, పెద్ద డీజిలు బళ్లు అమ్ముకోవడానికి అది దారి ఇస్తుంది. కొన్ని ధరలు ఆశ్చర్యంగా తక్కువుంటే అది దాతృత్వం అనుకోనక్కరలేదు.

ముసుగు తీసిన అద్దె

2024 సెప్టెంబరులో ఎంజీ వారి విండ్సర్ వచ్చింది. ధర 9.99 లక్షలు, కాని బ్యాటరీ లేకుండా! బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె. తర్వాత బ్యాటరీతో సహా ధర 13.50 లక్షలని ప్రకటించారు. (బ్యాటరీని అద్దెకివ్వడం మనకు పూర్తిగా కొత్త కాదు. మహీంద్రా వారు 2014లో ఈటూఓకు నెలసరి అద్దె పద్ధతి పెట్టి చూశారు.)

నాకు ఈ చీటీ చూడగానే ప్రాణం లేచి వచ్చింది. షోరూం కుర్రాడు నవ్వి దాటేసిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. రెండు ధరల మధ్య తేడా మూడున్నర లక్షలు. అందులోని బ్యాటరీ 38 యూనిట్లది. భాగించి చూస్తే యూనిట్‌కు 9,200 రూపాయలు. ఆనాటి డాలరు 84 రూపాయల చొప్పున 110 డాలర్లు. ఇందాక చెప్పుకున్న ప్రపంచ సగటు 115కు ఎంత దగ్గరో చూడండి.

ఇప్పుడు అద్దె చూద్దాం. పెట్రోలు లీటరు 100 రూపాయలు, కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయల 67 పైసలు. కరెంటు కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు, ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు రూపాయి 33 పైసలు. మిగిలేది 5 రూపాయల 34 పైసలు. అందులో మూడున్నర అద్దెకు పోతుంది. మూడింట రెండొంతులు వాళ్లకు, ఒక వంతు మనకు!

నేను మొదట చెప్పిన కనబడని పద్దు ఇదే. బ్యాటరీతో కలిపి కొన్నప్పుడు ఇది ధరలో కలిసిపోయి కనబడదు. అద్దె పద్ధతిలో బయటపడింది. మూడున్నర లక్షలను మూడున్నర రూపాయలతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. అంతకంటే ఎక్కువ తిరిగేవాడికి బ్యాటరీ కొనుక్కోవడం మేలు. తక్కువ తిరిగేవాడికి అద్దె మేలు, అదీ నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్ల అద్దె కట్టాలన్న షరతు లేకపోతేనే. ఆ షరతు ఉందో లేదో అప్పిచ్చే సంస్థను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

మూడిళ్ల లెక్క

ఇక మన లెక్కకు వద్దాం. తేడా మూడు లక్షలు. కిలోమీటరుకు మిగులు, చిల్లర వదిలేసి, ఐదు రూపాయలు. అంటే 60,000 కిలోమీటర్లు తిరిగితే తేడా తీరిపోతుంది. ఇది ఎవరికైనా ఒకటే. ఎంత కాలంలో తిరుగుతామన్నదే ఇంటికొక రకం.

మావాడు రోజుకు రానుపోను డెబ్బై కిలోమీటర్ల పైన తిరుగుతాడు. నెలకు 1,500. నలభై నెలల్లో మూడు లక్షలూ వచ్చేస్తాయి. ఆ తర్వాత నెలకు 7,500 అతని సొంతం. కంపెనీ ఊహించిన సగటు మనిషి కంటే మావాడు ఎక్కువ తిరుగుతాడు కాబట్టి, ధరలో కలిపిన వాటా పోను కూడా అతనికి మిగులుతుంది.

బరంపురంలో మా వియ్యపురాలు ఉన్నారు. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యారు. గుడికి, బజారుకు, ఎప్పుడైనా గోపాలపురం సముద్రం ఒడ్డుకు. నెలకు 300 కిలోమీటర్లు దాటదు. ఆవిడకు 60,000 కిలోమీటర్లు పూర్తి కావాలంటే పదహారేళ్ల ఎనిమిది నెలలు. బ్యాటరీకి సాధారణంగా ఇచ్చే గ్యారంటీ ఎనిమిదేళ్లు. ఇంకో రకంగా చూడండి. ఆవిడకు ఏడాదికి మిగిలే పెట్రోలు డబ్బు 18,000. ఆ మూడు లక్షలను బ్యాంకులో ఆరు శాతానికి వేసినా ఏడాదికి వచ్చేది అదే 18,000, అసలు అలాగే ఉండగా. ఆవిడ కొంటే, ఇతరులు తిరిగే కిలోమీటర్లకు కూడా ఆవిడే డబ్బు కట్టినట్టు.

మూడో ఇల్లు యానాంలో. పుదుచ్చేరి పన్నుల వల్ల అక్కడ పెట్రోలు పక్కనున్న కాకినాడ కంటే లీటరుకు పది రూపాయల పైన చవక. అందుకే గదా చుట్టుపక్కల బళ్లన్నీ అక్కడి బంకుల ముందు వరస కడతాయి! ఫ్యాక్టరీ ధర, జీఎస్‌టీ మాత్రం రెండు ఊళ్లకూ ఒకటే. పది రూపాయల తేడా అంటే కిలోమీటరుకు 67 పైసలు, 60,000 కిలోమీటర్లకు 40,000 రూపాయలు. ఒకే కారు, ఒకే ధర, ముప్పై కిలోమీటర్ల దూరంలోని రెండు ఊళ్లలో రెండు రకాల బేరం.

ముంబయి, పుణె ఫ్లాట్లలోని మన సభ్యులకు ఒక హెచ్చరిక. కింద పార్కింగులో సొంత మీటరు నుంచి ఛార్జింగు కుదరకపోతే బయట యూనిట్‌కు 20 రూపాయల దాకా పెట్టాలి. అప్పుడు కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలవుతుంది, మిగులూ అంతే. 60,000 కాస్తా 90,000 కిలోమీటర్లవుతుంది. కారు చూడటానికి వెళ్లే ముందు సొసైటీ సెక్రటరీని కలవండి.

ఆగాలా, కొనాలా?

"ఇంకా తగ్గుతుందేమో అన్నా?" అని మావాడి రెండో ప్రశ్న. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2024 సెప్టెంబరులో, పండగల ముందు, నెక్సాన్ కరెంటు కారు రకాన్ని బట్టి మూడు లక్షల దాకా తగ్గి 12.49 లక్షల దగ్గర మొదలయింది. అంతకు నెల ముందు కొన్నవాళ్ల కడుపు ఎంత మండిందో ఊహించుకోండి. కొత్తది తగ్గితే పాతదాని అమ్మకం విలువ కూడా ఆ రాత్రికి రాత్రే పడిపోతుంది.

అయితే ఆగడానికీ ఖర్చుంది. మావాడికి నెలకు 7,500 చొప్పున ఏడాది ఆగితే 90,000 పోతుంది. ఏడాదిలో అంతకంటే ఎక్కువ తగ్గుతుందన్న నమ్మకం ఉంటేనే ఆగాలి. టియాగో ఉదాహరణే చూడండి. 8.49కి కొన్నవాడు 7.99 అని విని బాధపడి ఉంటాడు. కాని ఆ మధ్యలో ఏడాదిపాటు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, కిలోమీటరుకు నాలుగు రూపాయలు మిగుల్చుకుని ఉంటే 48,000. తగ్గిన యాభై వేలకు ఇంచుమించు సరి. తిరిగినవాడు నష్టపోలేదు. కొని షెడ్డులో పెట్టినవాడే నష్టపోయాడు. మా వియ్యపురాలి లాంటి వారికి ఆగితే పోయేది నెలకు 1,500 మాత్రమే. నిక్షేపంగా ఆగవచ్చు.

షోరూంలో అడగవలసినవి మావాడికి ఒక కాగితం మీద రాసిచ్చాను. మీరూ రాసుకోండి. ఈ ధర ఏ బ్యాటరీది? ఛార్జరు కలిపా, విడిగానా? ఇది పరిచయ ధర అయితే ఎప్పటిదాకా? బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, కారు చేతులు మారితే ఉంటుందా? ఇదే రకం పెట్రోలు కారు మీద ఈ వారం ఎంత తగ్గింపు ఇస్తున్నారు? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీ తన కరెంటు కారును పెట్రోలు కారు పక్కన పెట్టి ధర వేసింది గదా, మనమూ అలాగే పక్కన పెట్టి బేరం చేయాలి.

చివరకు మావాడు కరెంటు కారుకే మొగ్గాడు. పాప డబ్బు ముట్టుకోవద్దని మరదలు గట్టిగా చెప్పింది. ఆ మూడు లక్షలకు అప్పు తీసుకుని, పెట్రోలులో మిగిలేదంతా వాయిదాలకే కడతానని ఒప్పుకున్నాడు. వడ్డీ వల్ల నలభై నెలలు ఇంకొంత సాగుతాయి, సాగనీ. నెలనెలా ఆ 7,500 నిజంగా మిగులుతోందా లేదా అన్నది దీంతో తేలిపోతుంది. మిగలడం లేదంటే తప్పు నా లెక్కదవుతుంది, అప్పుడు ఈ శీర్షికలోనే ఒప్పుకుంటాను. బరంపురం వియ్యపురాలు తన పాత పెట్రోలు కారుకు కొత్త టైర్లు వేయించుకున్నారు. ఇద్దరూ సరైన పనే చేశారని నా అభిప్రాయం.

మీ ఇంట్లోకి ధర చీటీ వచ్చిన రోజున దాన్ని తిరగేసి, వెనుక తెల్ల కాగితం మీద కిందటి నెల మీరు తిరిగిన కిలోమీటర్లు రాయండి. ముందు వైపు అంకె కంపెనీది. వెనుక వైపు అంకె మీది. రెండూ కలిపి చదివితేనే ధర తెలుస్తుంది.

వచ్చే సంచికలో తప్పకుండా బంగారం.